ఉచితంగా దొరికితే చాలదు: ఆన్‌లైన్ పాఠాల్లో ‘ఓపెన్’ అంటే ఏమిటి?

పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ఫోన్లు పాఠాలతో నిండిపోతాయి. యూట్యూబ్‌లో వీడియోలు, వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు, ఎవరో పంపిన లింకులు. ‘అన్నీ ఫ్రీయే కదా’ అన్నది అందరి మాట. చూసి చదువుకునే విద్యార్థికి ఆ మాట సరిపోతుంది కూడా.

కానీ ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కు ఇంగ్లిషులో మంచి పాఠం ఒకటి దొరికిందనుకుందాం. దాన్ని తెలుగులోకో ఉర్దూలోకో మార్చాలి, మన దగ్గరి ఉదాహరణలు చేర్చాలి, ప్రింట్ తీసి క్లాసులో పంచాలి, పక్క కాలేజీకి కూడా ఇవ్వాలి. ఇదంతా చేయవచ్చా? ‘ఫ్రీ’ అన్న ఒక్క మాట ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. చూడటానికి డబ్బు అడగకపోవడం వేరు. తీసుకుని, మార్చి, పంచుకోవడానికి అనుమతి ఇవ్వడం వేరు. మొదటిది ఉచితం, రెండోది ఓపెన్.

తెలుగు, ఉర్దూ మీడియంలో చదివి పై చదువులకు వచ్చే పిల్లలకు ఈ తేడా చిన్నదేమీ కాదు. ఉన్నత విద్యలో ఆన్‌లైన్ పాఠాలు ఎక్కువ భాగం ఇంగ్లిషులోనే ఉన్నాయి. వాటిని తమ భాషలోకి తెచ్చుకునే హక్కు ఉందా లేదా అన్నది సాధారణంగా ఆ పేజీ అడుగున ఉండే ఒకే ఒక్క లైన్ తేలుస్తుంది. చాలామంది చదవని లైన్ అది.

‘ఓపెన్’కు మూడు అర్థాలు

గందరగోళానికి మొదటి కారణం మాటలోనే ఉంది. చదువుల్లో ‘ఓపెన్’ అనే పదం మూడు వేర్వేరు అర్థాల్లో తిరుగుతోంది.

మొదటిది, ప్రవేశంలో ఓపెన్. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. తర్వాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అక్కడ ఓపెన్ అంటే రెగ్యులర్ కాలేజీకి వెళ్లలేని ఉద్యోగులు, గృహిణులు, మధ్యలో చదువు మానేసినవాళ్లకు తలుపులు తెరవడం. ‘మూక్’ అని పిలిచే భారీ ఆన్‌లైన్ కోర్సుల్లో ఉన్న ఓపెన్ కూడా ఎక్కువగా ఈ అర్థంలోనిదే. ఎవరైనా చేరవచ్చు, అంతే.

రెండోది, చదవడానికి ఓపెన్. డబ్బు కట్టకుండా పాఠం తెరిచి చూడవచ్చు. హక్కులన్నీ మాత్రం యజమాని దగ్గరే ఉంటాయి.

మూడోది, వాడకానికి ఓపెన్. పాఠం హక్కుదారే ముందుగా రాతపూర్వకంగా అనుమతి ఇచ్చేస్తాడు. ఫలానా షరతులు పాటిస్తే కాపీ చేసుకోండి, మార్చుకోండి, పంచుకోండి అని. ఇలాంటి వాటినే ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’, క్లుప్తంగా ఓఈఆర్ అంటారు. కాపీరైట్ గడువు ముగిసిన రచనలు కూడా ఇందులోకే వస్తాయి.

అంటే ఓపెన్ యూనివర్సిటీ పుస్తకమైనంత మాత్రాన అది ఓపెన్ పాఠం కాదు. మూక్ కోర్సు కూడా అంతే. ప్రవేశం తెరిచి ఉండి, పాఠం తాళం వేసి ఉండవచ్చు.

ఎలా మొదలైంది?

అమెరికాలోని ఎంఐటీ 2001 ఏప్రిల్ 4న ఒక ప్రకటన చేసింది. తమ కోర్సుల పాఠ్య సామగ్రిని, అంటే సిలబస్, లెక్చర్ నోట్స్, అసైన్‌మెంట్లు, ప్రశ్నపత్రాలు ఇంటర్నెట్‌లో అందరికీ పెడతామని అప్పటి అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ చెప్పారు. ఆన్‌లైన్ చదువులతో లాభాలు గడించవచ్చని అనేక విద్యాసంస్థలు లెక్కలు వేసుకుంటున్న కాలం అది. హ్యూలెట్, మెలన్ ఫౌండేషన్లు ఈ పనికి డబ్బు ఇచ్చాయి. 2002లో ప్రయోగాత్మకంగా కొన్ని కోర్సులు వచ్చాయి. 2007 నాటికి దాదాపు అన్ని విభాగాలనూ కలుపుకుని 1,800 కోర్సులయ్యాయి. ఇప్పుడు ఆ సంఖ్య 2,500 దాటింది. వీటికి డిగ్రీ రాదు, సర్టిఫికెట్ ఇవ్వరు. పాఠం మాత్రం చేతికి వస్తుంది. ఇంటర్నెట్ సరిగ్గా లేని దేశాల్లోని యూనివర్సిటీలకు మొత్తం సైటు కాపీనే పంపి, క్యాంపస్ నెట్‌వర్క్‌లో పెట్టుకునే ఏర్పాటు కూడా ఎంఐటీ చేసింది. కాపీ చేసుకునే అనుమతికి ఉన్న విలువ ఏమిటో ఇక్కడే కనిపిస్తుంది.

అంతకుముందే ఈ దిశలో అడుగులు పడ్డాయి. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న ఓపెన్ లైసెన్సుల పద్ధతిని చదువుకూ వర్తింపజేయాలని డేవిడ్ వైలీ 1998లో ‘ఓపెన్ కంటెంట్’ అనే లైసెన్స్ తయారుచేశారు. 1999లో రైస్ యూనివర్సిటీలో రిచర్డ్ బరానియుక్ ‘కనెక్షన్స్’ ప్రాజెక్టు మొదలుపెట్టారు. అదే తర్వాత 2012లో ‘ఓపెన్‌స్టాక్స్’ అనే ఉచిత పాఠ్యపుస్తకాల సంస్థకు దారి తీసింది.

2002 జూలైలో పారిస్‌లో యునెస్కో జరిపిన సమావేశంలో ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అనే పేరు ఖరారైంది. ఆ సమావేశం చర్చించింది కూడా అభివృద్ధి చెందుతున్న దేశాల ఉన్నత విద్య గురించే. అదే ఏడాది డిసెంబర్‌లో క్రియేటివ్ కామన్స్ సంస్థ తన మొదటి లైసెన్సులు విడుదల చేసింది. 2019 నవంబర్‌లో యునెస్కో సభ్యదేశాలు ఓఈఆర్ మీద ఒక సిఫారసును ఆమోదించాయి. ఇలాంటి పాఠాలు తయారుచేయడం, వాడుకోవడం ఉపాధ్యాయులకు నేర్పాలని, అందరికీ సమానంగా అందేలా చూడాలని అందులో ఉంది.

ఐదు హక్కులు

పాఠం నిజంగా ఓపెనేనా అని తేల్చుకోవడానికి డేవిడ్ వైలీ చెప్పిన ఐదు హక్కుల లెక్క బాగా పనికొస్తుంది.

ఉంచుకోవడం: పాఠాన్ని డౌన్‌లోడ్ చేసి ఎప్పటికీ తన దగ్గర పెట్టుకోవచ్చు.
వాడుకోవడం: క్లాసులో, స్టడీ సర్కిల్‌లో, వీడియోలో, ఎక్కడైనా ఉపయోగించవచ్చు.
మార్చుకోవడం: అనువదించవచ్చు, కుదించవచ్చు, ఉదాహరణలు మార్చవచ్చు.
కలుపుకోవడం: రెండు మూడు చోట్ల నుంచి తీసుకుని కొత్త పాఠం కూర్చవచ్చు.
పంచుకోవడం: అసలు పాఠాన్ని గానీ, మార్చిన పాఠాన్ని గానీ ఇతరులకు ఇవ్వవచ్చు.

ఈ ఐదూ ఉంటే పూర్తిగా ఓపెన్ అన్నట్టు. కేవలం తెరిచి చూడటమే కుదిరితే వీటిలో ఏ ఒక్కటీ చేతిలో లేనట్టే.

ఆరు లైసెన్సులు, నాలుగు షరతులు

కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఏదైనా సొంతంగా రాసి పెట్టగానే దానంతట అదే వస్తుంది. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి ఒక పేజీ మీద ‘కాపీరైట్’ అని రాసి లేకపోయినా, హక్కులు లేనట్టు కాదు. ఏమీ రాసి లేదంటే అన్ని హక్కులూ యజమానివే అని అర్థం చేసుకోవాలి.

క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఈ కాపీరైట్‌ను రద్దు చేయదు. దాని మీద నిలబడి, ముందుగానే అనుమతి ఇస్తుంది. షరతులు నాలుగే.

‘బై’: అసలు రచయిత పేరు చెప్పాలి. ఆరు లైసెన్సుల్లోనూ ఈ షరతు ఉంటుంది.
‘ఎస్‌ఏ’: మార్చి పంచితే, ఆ కొత్త పాఠాన్ని కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి.
‘ఎన్‌సీ’: వ్యాపార ప్రయోజనం కోసం వాడకూడదు.
‘ఎన్‌డీ’: మార్చిన పాఠాన్ని ఇతరులకు పంచకూడదు.

వీటి కలయికలతోనే ఆరు లైసెన్సులు ఏర్పడ్డాయి: బై, బై-ఎస్‌ఏ, బై-ఎన్‌సీ, బై-ఎన్‌సీ-ఎస్‌ఏ, బై-ఎన్‌డీ, బై-ఎన్‌సీ-ఎన్‌డీ. ఇవి కాక ‘సీసీ జీరో’ అని మరొకటి ఉంది. అందులో రచయిత తన హక్కులన్నీ వదులుకుంటాడు.

ఎంఐటీ పాఠాలు బై-ఎన్‌సీ-ఎస్‌ఏ కింద ఉన్నాయి. ఓపెన్‌స్టాక్స్ పుస్తకాల్లో చాలావాటికి బై లైసెన్స్, కాల్కులస్ లాంటి కొన్నింటికి బై-ఎన్‌సీ-ఎస్‌ఏ. తెలుగు వికీపీడియా వ్యాసాలు బై-ఎస్‌ఏ కింద లభిస్తాయి.

మన అవసరం దృష్ట్యా గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఎన్‌డీ గురించే. అనువాదం కూడా మార్పు కిందే లెక్క. పేజీలో ఎన్‌డీ అని ఉంటే, ఆ పాఠాన్ని యథాతథంగా కాపీ చేసి పంచవచ్చు గానీ, తెలుగులోకో ఉర్దూలోకో మార్చి పంచడం కుదరదు. విడిగా అనుమతి అడగాలి. ఇంగ్లిషులో చదువుకునేవాళ్లకు ఈ షరతు పెద్దగా తగలదు. భాష మారితే తప్ప పాఠం అందని విద్యార్థికి మాత్రం తలుపు మూసేసినట్టే.

ఎన్‌సీ విషయంలో కొంత సందిగ్ధం ఉంది. ప్రభుత్వ కాలేజీలో ఉచితంగా పంచితే ఇబ్బంది లేదు. ఫీజు తీసుకునే కోచింగ్ సెంటర్ అదే పాఠాన్ని తన స్టడీ మెటీరియల్‌గా అమ్మితే షరతు దాటినట్టే. మరి కాలేజీ కోసం డబ్బు తీసుకుని కాపీలు తీసే జిరాక్స్ షాపు సంగతి? పాఠశాల గణిత పాఠాల మీద సరిగ్గా ఇదే గొడవ అమెరికాలో కోర్టుకు వెళ్లింది. స్కూలు వ్యాపారం కోసం కాకుండా వాడుకుంటున్నప్పుడు, దాని తరఫున కాపీలు తీసిన షాపు తప్పు చేసినట్టు కాదని 2018, 2019లో రెండు అప్పీలు కోర్టులు తీర్పు చెప్పాయి. అవి మన కోర్టులను కట్టడి చేసే తీర్పులు కావు. లైసెన్స్ మాటలను ఎలా చదవాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

నిన్న ఉంది, నేడు లేదు

‘చూడటానికి దొరుకుతోంది కదా, లైసెన్స్ గొడవ మనకెందుకు’ అనేవాళ్లకు అమెరికాలోనే జరిగిన రెండు సంఘటనలు జవాబు చెబుతాయి.

కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ ఏళ్ల తరబడి తన క్లాసుల వీడియోలు, ఆడియోలు అందరికీ పెట్టింది. వాటిలో చాలావాటికి సరైన సబ్‌టైటిల్స్ లేవు. వినికిడి సమస్య ఉన్నవారి తరఫున ఫిర్యాదు వెళ్లింది. సరిచేయాలని 2016లో అమెరికా న్యాయశాఖ చెప్పింది. సరిచేయడానికి ఖర్చవుతుందని భావించిన యూనివర్సిటీ 2017 మార్చిలో 20,000కు పైగా రికార్డింగులను ప్రజలకు కనిపించకుండా తీసేసింది. ప్రపంచమంతా చదువుకుంటున్న పాఠాలు అలా మూతపడ్డాయి.

అయితే వాటిలో అధిక భాగం క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదలైనవి. పేరు చెప్పి, వ్యాపారం చేయకుండా పంచుకునే అనుమతి అప్పటికే ఇచ్చేశారు. ఒకసారి ఇచ్చిన ఆ అనుమతిని, షరతులు పాటించేవారి నుంచి వెనక్కి తీసుకోలేరు. దాంతో వేరే సంస్థ ఒకటి ఆ వీడియోలను కాపీ చేసి మరోచోట పెట్టింది. పాఠాలు బతికాయి. వికలాంగుల హక్కు అడిగినవాళ్లది తప్పు కాదు. అందరికీ అందేలా మొదటే తయారుచేయకపోవడమే అసలు లోపం. ఆ వివాదం 2022లో ఒప్పందంతో ముగిసింది. పాఠాలను అందరికీ అందేలా చేస్తామని యూనివర్సిటీ ఒప్పుకుంది.

రెండోది కోర్సెరా కథ. 2012లో మొదలైన ఈ ప్రైవేటు సంస్థ, 2016 జూన్ చివర్లో తన పాత ప్లాట్‌ఫామ్‌ను మూసేసింది. కొత్తదానిలోకి మారని వందల కోర్సులు అందుబాటులో లేకుండా పోయాయి. చేరడానికి ఎవరికైనా తలుపు తెరిచే ఉంది. పాఠాన్ని దగ్గర ఉంచుకునే హక్కు మాత్రం విద్యార్థికి లేదు.

ఒకచోట పాఠాలు మరో సైటుకు చేరి నిలిచాయి, మరోచోట మూత పడ్డాయి. కాపీ చేసుకునే హక్కు ముందే ఉందా లేదా అన్నదే తేడా.

మన దేశంలో ఏమున్నాయి?

భారత్‌లో ఈ ప్రయత్నం ఎంఐటీకి మరీ వెనక ఏమీ లేదు. ఏడు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి కేంద్ర ప్రభుత్వ నిధులతో 2003లో ఎన్‌పీటీఈఎల్‌ను మొదలుపెట్టాయి. ఇంజనీరింగ్, సైన్స్ విద్యార్థుల్లో ఈ పేరు వినని వాళ్లు తక్కువ. ఎక్కడో మారుమూల ప్రైవేటు కాలేజీలో చదివే విద్యార్థి కూడా ఐఐటీ ప్రొఫెసర్ పాఠం వినగలిగాడు. కొన్ని కోర్సులకు తెలుగు సహా పలు భారతీయ భాషల్లో అనువాదాలు వచ్చాయి.

2017 జూలై 9న కేంద్రం స్వయం పోర్టల్‌ను ప్రారంభించింది. ఇందులో ప్రతి కోర్సుకూ నాలుగు భాగాలు: వీడియో లెక్చర్, డౌన్‌లోడ్ చేసుకునే పాఠం, స్వీయ పరీక్షలు, సందేహాలు అడిగే చర్చావేదిక. చేరడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. యూజీసీ 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం వరకు స్వయం ద్వారా చేయవచ్చు. 2021లో దాన్ని 40 శాతానికి పెంచారు. యూనివర్సిటీ ఒప్పుకుంటే ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి.

ఇగ్నో పాఠ్యపుస్తకాలు ఈ-జ్ఞాన్‌కోశ్‌లో, పీజీ స్థాయి పాఠాలు ఈ-పీజీ పాఠశాలలో ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ రకరకాల చోట్ల ఉన్న సామగ్రిని ఒకే వెతుకులాటలో చూపిస్తుంది. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ ఉర్దూలో వీడియో పాఠాలు తయారుచేస్తోంది.

వీటన్నింటికీ ఒకే లైసెన్స్ లేదు. నేషనల్ డిజిటల్ లైబ్రరీలో కనిపించే పుస్తకాల్లో కొన్ని స్వేచ్ఛగా వాడుకునేవి, కొన్ని కేవలం చదువుకునేవి. ‘సర్కారు సైటులో ఉంది కాబట్టి అందరిదీ’ అనుకోవడం సరికాదు. ఏ పాఠానికి ఆ పాఠం షరతు చూడాల్సిందే.

ఓపెన్ లైసెన్స్ ఏం చేయగలదో చూపించే మంచి ఉదాహరణ ఐఐటీ బాంబే ‘స్పోకెన్ ట్యుటోరియల్’. లిబ్రే ఆఫీస్, లైనక్స్, పైథాన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లను చిన్న చిన్న వీడియోల్లో నేర్పుతుంది. వీడియోలో స్క్రీన్ అదే ఉంటుంది, మాట మాత్రం తెలుగు సహా భారతీయ భాషల్లోకి డబ్ చేస్తారు. లైసెన్స్ బై-ఎస్‌ఏ. అనువదించడాన్ని మొదటి నుంచే పనిలో భాగం చేసుకుని, అందుకు తగిన లైసెన్స్ ఎంచుకున్నారు.

చట్టం ఎంతవరకు అనుమతిస్తుంది?

ఓపెన్ లైసెన్స్ లేకపోతే ఏమీ చేయలేమా? అలా కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇచ్చింది. సొంత చదువు, పరిశోధన కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ కాపీ చేసుకోవచ్చు. 2012 సవరణతో వికలాంగులకు అనువైన రూపంలోకి మార్చడానికి కూడా వీలు కల్పించారు.

దీని మీద పెద్ద కేసు ఢిల్లీలో నడిచింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే చిన్న షాపు ఉంది. సిలబస్‌లో ఉన్న పుస్తకాల నుంచి కావాల్సిన అధ్యాయాలు కాపీ తీసి, కుట్టి, విద్యార్థులకు ఇచ్చేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ షాపు మీద, యూనివర్సిటీ మీద కేసు వేశాయి. 2016 సెప్టెంబర్ 16న ఢిల్లీ హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. బోధన అంటే క్లాసులో నిలబడి చెప్పడం ఒక్కటే కాదని, అందుకు కావాల్సిన కాపీలు కూడా అందులో భాగమేనని అర్థం వచ్చేలా చట్టాన్ని వివరించింది. అదే ఏడాది డిసెంబర్ 9న డివిజన్ బెంచ్ కూడా చట్టానికి ఈ అర్థాన్నే సమర్థించింది. అయితే కాపీ చేసిన భాగాలు బోధనకు నిజంగా అవసరమా కాదా అన్న విచారణను కింది బెంచ్‌కు పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు కేసు ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత మేలో సుప్రీంకోర్టు కూడా ఈ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

పేద విద్యార్థికి ఇది ఊరటనిచ్చిన తీర్పే. దాని హద్దు కూడా తెలియాలి. అది క్లాసు అవసరానికి తీసే కాపీల గురించి. ఒక పుస్తకాన్ని అనువదించి వెబ్‌సైట్‌లో పెట్టి లోకమంతా పంచడానికి దాన్ని అనుమతిగా తీసుకోలేం. చట్టం ఇచ్చిన మినహాయింపు కాలేజీ గోడల దగ్గర ఆగిపోతుంది. ఓపెన్ లైసెన్స్ గోడ దాటుతుంది.

భాష దగ్గరే అసలు పరీక్ష

పై చదువులు మన భాషలో ఎలా చెప్పాలన్న ప్రశ్న హైదరాబాద్‌కు కొత్త కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య బోధించింది. ఇంగ్లిషు కాకుండా భారతీయ భాషలో యూనివర్సిటీ చదువు చెప్పడం అప్పట్లో సాహసమే. దానికి కావాల్సిన పుస్తకాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను ఏర్పాటు చేశారు. స్వాతంత్ర్యం తర్వాత అక్కడ బోధన ఇంగ్లిషుకు మారింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ పుస్తకాలను తెలుగులో తెచ్చింది. రెండు భాషల్లోనూ అనుభవం ఒకటే చెబుతుంది: పాఠం మన భాషలోకి రావాలంటే ఎవరో ఒకరు కూర్చుని అనువదించాలి, అందుకు అనుమతి, డబ్బు, సమయం కావాలి.

ఇప్పుడు యంత్రానువాదం వచ్చింది. చిత్తుప్రతి నిమిషాల్లో తయారవుతుంది. దాన్ని సరిదిద్దడానికి సబ్జెక్టు తెలిసిన మనిషి ఎలాగూ కావాలి, కానీ శ్రమ తగ్గింది. అనుమతి సమస్య మాత్రం అలాగే ఉంది. యంత్రం అనువదించినా అది అనువాదమే, మూలం మీద హక్కు మూల రచయితదే. అందుకే శ్రమ తగ్గుతున్న కొద్దీ లైసెన్స్ విలువ పెరుగుతోంది.

మరో అడ్డంకి ఫాంట్లది. తెలుగు డీటీపీలో అను ఫాంట్లలో, ఉర్దూలో ఇన్‌పేజ్‌లో టైప్ చేసిన నోట్సు గుట్టలుగా ఉంది. దాన్ని పీడీఎఫ్ చేసి పెడితే కంటికి బాగానే కనిపిస్తుంది. కానీ అందులో పదం వెతికితే దొరకదు, కాపీ చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి లేదా ఏమీ రాదు. స్కాన్ చేసిన పేజీలదీ అంతే. చూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌తో వినలేడు. మరో లెక్చరర్ మార్చుకోలేడు. లైసెన్స్ ఓపెన్ అయినా ఫైలు మూసుకుపోయి ఉంటే ప్రయోజనం సగమే. యూనికోడ్‌లో టైప్ చేసి, పీడీఎఫ్‌తో పాటు ఎడిట్ చేసుకోగలిగే ఫైలు కూడా పెడితేనే మార్చుకునే హక్కు చేతికి వచ్చినట్టు.

వాడుకునే ముందు చూసుకోవాల్సినవి

పేజీ అడుగు భాగం, ‘అబౌట్’ పేజీ, పుస్తకమైతే మొదటి పేజీల్లో లైసెన్స్ లైన్ వెతకాలి. యూట్యూబ్ వీడియో అయితే వివరణ పూర్తిగా తెరిచి చూడాలి. అక్కడ క్రియేటివ్ కామన్స్ అని ఉంటే బై లైసెన్స్ ఉన్నట్టు. ఏమీ లేకపోతే మామూలు యూట్యూబ్ లైసెన్సే. అప్పుడు లింక్ పంపవచ్చు గానీ, వీడియోను తీసుకుని మళ్లీ అప్‌లోడ్ చేయకూడదు.

ఓపెన్ పాఠం లోపల కూడా ఓపెన్ కానివి ఉండవచ్చు. ఎంఐటీ నోట్సులో కొన్ని బొమ్మల కింద, ఇది మా లైసెన్స్ పరిధిలోకి రాదని రాసి ఉంటుంది. అలాంటి బొమ్మ తీసేసి సొంతంగా గీసుకోవాలి.

రెండు పాఠాలు కలిపి ఒకటి చేసేటప్పుడు షరతులు పొసగాలి. బై-ఎస్‌ఏ పాఠాన్ని, బై-ఎన్‌సీ-ఎస్‌ఏ పాఠాన్ని కలగలిపి ఒకే కొత్త పాఠం చేయడం కుదరదు. రెండూ తమ లైసెన్సే ఉండాలంటాయి మరి. వేర్వేరు అధ్యాయాలుగా, ఎవరి లైసెన్స్ వారికి చూపిస్తూ పక్కపక్కన పెట్టవచ్చు.

పేరు చెప్పేటప్పుడు నాలుగు వివరాలు ఇవ్వాలి: పాఠం పేరు, రచయిత లేదా సంస్థ పేరు, దొరికిన చోటు, లైసెన్స్. మార్పు చేస్తే ఆ సంగతి కూడా చెప్పాలి. ‘గూగుల్ సౌజన్యంతో’ అని రాయడం పేరు చెప్పినట్టు కాదు. గూగుల్ వెతికి పెట్టింది, రాసినవారు వేరే ఉన్నారు.

లైసెన్స్ దొరకకపోయినా, సరిపోకపోయినా ఇంకో దారి ఉంది: అడగడం. పాఠం పేరు, ఏ భాషలోకి, ఎవరి కోసం, అమ్ముతారా లేదా అన్న వివరాలతో హక్కుదారుకు ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబును దాచుకోవాలి. నోటి మాట మీద పని మొదలుపెట్టకూడదు.

సొంత పాఠాలు పెట్టేవారికి

మన లెక్చరర్లు కూడా ఏళ్లుగా నోట్సు రాస్తున్నారు, వీడియోలు చేస్తున్నారు. వాట్సాప్‌లో తిరుగుతున్న మంచి నోట్సుకు చాలాసార్లు రాసినవారి పేరే ఉండదు. లైసెన్స్ పెడితే తమ పాఠం పోతుందని చాలామంది భయం. నిజానికి బై లైసెన్స్‌లో పేరు చెప్పడం మర్యాద కాదు, తప్పనిసరి షరతు. వేరేవాళ్లు అమ్ముకోకూడదంటే ఎన్‌సీ చేర్చవచ్చు. మార్చినవాళ్లు కూడా తిరిగి అందరికీ ఇవ్వాలంటే ఎస్‌ఏ చేర్చవచ్చు.

ఒకటి మాత్రం ముందే తేల్చుకోవాలి. వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన రచనకు మొదటి హక్కుదారు యాజమాన్యమేనని కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతుంది. లెక్చరర్ నోట్సు ఎవరిది అన్నదాని మీద తర్వాత గొడవ రాకుండా, కాలేజీతో కాగితం మీద రాసుకోవడం మంచిది. యూనివర్సిటీలు ఒక స్పష్టమైన ఓఈఆర్ విధానం పెట్టుకుంటే ప్రతి లెక్చరర్ విడివిడిగా తేల్చుకునే అవసరం ఉండదు. ప్రజల డబ్బుతో తయారైన పాఠం ప్రజలు తిరిగి వాడుకునేలా ఉండాలన్న వాదనకు కూడా అప్పుడే అర్థం ఉంటుంది.

లైసెన్స్ లైన్ రాయడానికి అర నిమిషం పట్టదు. పాఠం పేరు, రచయిత పేరు, ‘ఈ పాఠం క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్స్ కింద లభిస్తుంది’ అనే వాక్యం, ఆ లైసెన్స్ లింకు. ఆ లైన్ ఉంటే ఆదిలాబాద్‌లో రాసిన తెలుగు నోట్సును కర్నూలులో ఎవరో ఉర్దూలోకి మార్చుకోవచ్చు, మూల రచయిత పేరు అలాగే నిలుస్తుంది. లేకపోతే అదే నోట్సు పేరు లేకుండా, అనుమతి లేకుండా వాట్సాప్‌లో తిరుగుతుంది. ఎక్కడెక్కడ తిరుగుతోందో రాసినవారికే తెలియదు.